హెడ్‌లైట్లలో దొంగ దీపాలు

కొందరు కార్లు, జీపుల యజమానులు హెడ్‌లైటు అద్దం లోపల ఎరుపు, నీలం మిణుకు దీపాలు పెట్టిస్తున్నారు. ఆర్పి ఉంచితే అవి ఎవరి కంటా పడవు. రాత్రి వెలిగితే ఎదురుగా వచ్చే రైతు 108 బండి అనుకుని ఎడ్లను రోడ్డు దింపుతాడు. తీరా పోయేది పెళ్లి కారు! ఇలా రెండుసార్లు మోసపోయినవాడు మూడోసారి నిజమైన అంబులెన్సుకూ తొలగడు. అందులో ప్రసవానికి వెళ్తున్నది తన ఊరి ఆడపడుచే కావచ్చు.

2017 మే 1 నుంచి మంత్రుల కార్లకు సైతం ఎర్రబుగ్గలు తీసివేశారు. అంబులెన్సుకు దారి ఇవ్వకుంటే 2019 సవరణ చట్టం కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. దారి ఇవ్వమనే ప్రభుత్వం దొంగ దీపాలను ఊడబీకించవద్దా? రవాణా అధికారులు తనిఖీలో హెడ్‌లైట్ల లోపల కూడా చూడాలి. మెకానిక్కులూ ఆ పనికి ఒప్పుకోరాదు.