డాక్టరు కబుర్లు: ముర్సియాలో మంచు, మన ఇంట్లో కూర

చలికాలంలో ఏదో ఒక వారం బ్రోకోలీ ధర ఉన్నట్టుండి ఎగబాకుతుంది. కొట్టువాడి దురాశ అని మన ఇళ్ళలో తీర్పు చెప్పేస్తాం. అతన్ని వెనకేసుకురావడం నా పని కాదు గాని, అసలు సంగతి చాలాసార్లు స్పెయిన్‌లో ఉంటుంది.

వేసవిలో మన హైడెల్‌బర్గ్ వారికి బెంగ లేదు. హాండ్‌షూస్‌హైమ్ తోటలున్నాయి. రైను నది దాటితే ఫాల్ట్స్ కూరగాయలు చేరే ముటర్‌ష్టాట్ టోకు మార్కెట్టు ఉంది. చలి ముదిరాక మాత్రం ఈ పువ్వు ఎక్కువగా స్పెయిన్ ఆగ్నేయ మూలనున్న ముర్సియా నుంచి లారీల్లో రావాలి. అక్కడ 2016 డిసెంబరులో వరదలు, 2017 జనవరిలో మంచు. ఐరోపా అంతటా కూరలకు కటకట. బ్రిటన్‌లో మోరిసన్స్ వారు మనిషికి మూడు బ్రోకోలీలకు మించి ఇవ్వలేదు. రేషను మనకు కొత్త కాదు గాని, సూపర్‌మార్కెట్టులో రేషను!

బ్రోకోలీ అంటే విచ్చుకోని మొగ్గల గుత్తి. కోత విడతలుగా రావాలని రైతు నారు కూడా విడతలుగా నాటుతాడు. ఎండలు ముదిరితే రెండు మూడు విడతలు ఒకేసారి కోతకొస్తాయి. కోయడం ఆలస్యమైతే మొగ్గలు పచ్చబడి విచ్చుకుంటాయి. ఆ వారం ధర పడిపోతుంది. తర్వాతి వారాల్లో కోయడానికేమీ ఉండదు, ధర ఎక్కి కూర్చుంటుంది. నాటిన రెండు మూడు నెలలకు గాని పువ్వు రాదు కనుక ఆ ఖాళీని అప్పటికప్పుడు పూడ్చే దారి లేదు.

ఇక పురుగు. మన రైతులు డైమండ్ రెక్కల పురుగు అనేది గాలివాటున సముద్రాలు దాటుతుంది. 2016లో బ్రిటన్ పొలాల మీద అలాగే దండెత్తింది. డి.డి.టి.కి లొంగడం మానేసిందని 1953లోనే జావా నుంచి కబురు వచ్చింది. మందులకు అంత త్వరగా అలవాటు పడే పురుగిది, మన ఆసుపత్రి క్రిములకు చుట్టమేమో! మన దేశంలో ఇరవై అయిదు సాళ్ళ క్యాబేజీకి రెండు సాళ్ళ ఆవాలు వేయమంటారు. పురుగు ఆవ మీదికి పోతుంది. ఇక్కడివారు పంట మీద సన్నని వల కప్పుతారు, దాని ఖర్చూ మన బిల్లులోకే చేరుతుంది.

ఇప్పుడు నా వృత్తి ధర్మం. మీ ఇంట్లో అమ్మగారో నాన్నగారో రక్తం గడ్డకట్టకుండా మార్కుమార్ వేసుకుంటున్నారా? బ్రోకోలీలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. రోజూ తినేవారు ధర చూసి ఠక్కున మానేస్తే మందు బలం పెరిగి నెత్తురు కారే ప్రమాదముంది. దానికి బదులు రోజూ పాలకూర పప్పు మొదలుపెడితే కథ తిరగబడుతుంది. పాలకూరలో ఆ విటమిను మూడింతలకు పైగా ఉంటుంది, మందు పని తగ్గిపోతుంది. తినడం తప్పు కాదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదు ఉండాలి. తాజా పువ్వు దొరకని రోజుల్లో గడ్డకట్టించిన బ్రోకోలీ పొట్లం కొనండి, ఈ విటమిను అందులోనూ ఉంటుంది. మార్పు తప్పకపోతే డాక్టరుకు చెప్పి ఐ.ఎన్.ఆర్. పరీక్ష ముందుగా చేయించండి. మాత్ర మోతాదు మాత్రం ఇంట్లో మార్చవద్దు.