చూడకుండా వేసిన మార్కులు

శామ్యూల్ షెమ్ నవల ‘ద హౌస్ ఆఫ్ గాడ్’ను ఈ మధ్య మళ్ళీ చదివాను. 1978లో వెలువడిన ఆ నవలలో ఇంటర్న్‌లు ఒంటబట్టించుకునే విద్యల్లో ‘బఫ్’ చేయడం ఒకటి. అంటే, రోగి ఎలా ఉన్నా కేసు షీటుకు మాత్రం మెరుగుపెట్టి ఉంచడం. మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. ఈసారి నవ్వు రాలేదు.

కొన్నేళ్ళ కిందట నా దగ్గర ఇంటర్నల్ మెడిసిన్‌లో శిక్షణ పొందుతున్న ఒక రెసిడెంటు గురించి మూల్యాంకన పత్రంలో ‘కష్టపడతాడు, వినయశీలి’ అని రాసి, అన్ని గడుల్లోనూ మంచి మార్కులు వేశాను. నెల తిరిగాక, ‘గుండె చప్పుళ్ళు మామూలే’ అని అతను రాసిన ఒక వృద్ధురాలి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాను. అయోర్టిక్ కవాటం ఇరుకైనప్పుడు వచ్చే మర్మర్ స్పష్టంగా వినిపించింది. అతను వినలేదు, కంప్యూటరులో ముందే ఉన్న వాక్యాన్ని అలాగే ఉంచేశాడు. నేను చేసిందీ అదే కదా! అతను ఒక్క రోగినైనా పరీక్షిస్తుండగా నేను చూడలేదు.

మన దేశంలో ఎం.డి. చదివినవారికి లాంగ్ కేసు భయం తెలుసు. పరీక్షకుడు మంచం పక్కనే నిలబడి, ప్లీహం ఎక్కడ తగిలిందో చూపమంటాడు. కానీ ఒక్క రోగి, ఒక్క రోజు. అదృష్టం పాలు ఎక్కువ. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు తన మౌఖిక పరీక్షను 1972లో మానేసింది. రోగి దగ్గరి నైపుణ్యాన్ని తూచే బాధ్యత శిక్షణ ఇచ్చేవారి మీద పడింది. 1990లలో ఆ బోర్డే ‘మినీ-సీఈఎక్స్’ తెచ్చింది: పదిహేను ఇరవై నిమిషాలు రెసిడెంటు పనిని కళ్ళారా చూసి, అక్కడికక్కడే తప్పొప్పులు చెప్పడం. పలువురు గురువులు, పలువురు రోగుల దగ్గర ఇలా చూస్తే అదృష్టం పాలు తగ్గుతుంది. చూడకుండా నింపితే మాత్రం అదీ మరొక బఫింగే.

పిల్లవాడి భవిష్యత్తు పాడుచేయడమెందుకని మంచి మాట రాస్తాం. దాన్ని దయ అనుకుంటాం. ఆ దయ భారమంతా రేపు ముక్కూ మొహం తెలియని ఏ రోగి మీదో పడుతుంది.

ఆ రోజు ఆమె అనుమతి తీసుకుని ఇద్దరం మళ్ళీ విన్నాం. అతను తలదించుకున్నాడు. “నిన్ను చూడకుండానే నేనూ మార్కులు వేశాను” అన్నాను. ఆ పత్రంలో ‘చూడలేదు’ అనే గడి కూడా ఒకటుంది. నిజంగా చూడనప్పుడు ఇప్పుడు దానిలోనే గుర్తు పెడుతున్నాను. అలా పెట్టవలసి వచ్చిన ప్రతిసారీ, ఆ లోటు రెసిడెంటుది కాదు, నాది.