జాతీయపతాకము – గౌరవస్వరూపము

దేశపతాకమును గౌరవించుట పౌరుని విధియని అందరును అంగీకరింతురు. ఆ గౌరవ మెట్టిదై యుండవలె ననుటయందే అభిప్రాయభేదము. కొందరు దానిని ఆజ్ఞాపాలనముగా భావింతురు. నిలువుమన్నప్పుడు నిలువనివాడు, పాడుమన్నప్పుడు పాడనివాడు దేశద్రోహియని వారి తీర్పు. మరికొందరు ఒక గుడ్డముక్క కింత ఆర్భాట మేలయని తేలికచేసి మాటలాడుదురు. ఈ రెండును పతాకము యొక్క చరిత్రను గాని, పతాకమునకు భాషలో గల పేళ్ల చరిత్రను గాని గమనింపని మాటలు. రాజుల పడగకు చెల్లిన గౌరవ మొకటి; ప్రజల పతాకమునకు చెల్లవలసిన గౌరవము వేరొకటి. ఈ భేదమును గుర్తింపక దేశభక్తిని గూర్చి చేయు చర్చ దారి తప్పక మానదు.

తెలుగున పతాకవాచకములకు కొదువలేదు. విరాటపర్వమున ఉత్తరగోగ్రహణ ఘట్టమందు అర్జునుడు కౌరవవీరులను గుర్తులుచెప్పి ఉత్తరునకు చూపు సీసపద్యము పండితలోకమున సుప్రసిద్ధము. ద్రోణునకు బంగారు వేదిక, అశ్వత్థామకు సింహపు తోక, కృపునకు బంగారు వృషభము, కర్ణునకు శంఖము, దుర్యోధనునకు సర్పము, భీష్మునకు తాటిచెట్టు చిహ్నములు. ఈ యారుగురకు తిక్కన ఆరు పదములను వాడినాడు: కేతనము, కేతువు, ధ్వజము, పతాక, పడగ, సిడము. అందును సర్పచిహ్నము గల దుర్యోధనునకే పడగ యను పదమును దక్కించుటలోని సొగసు చదువరులకు తెలియనిది కాదు.

ఆ పద్యమున పతాకము చేయుపని యేమి? వీడు ఫలానావాడని గుర్తుపట్టించుట. ఒక్కొక్క పతాకమునకును ఒక్కొక్క స్వామి కలడు. పతాకము కనబడినచో ఆ స్వామి రథముపై నున్నాడని యర్థము. అది కూలినచో ఆతని పరాక్రమమునకు భంగము కలిగినదని యర్థము. సమాసరచన కూడ ఈ భావమునకే సాక్ష్యము పలుకుచున్నది. కపిధ్వజుడు, తాళధ్వజుడు, మీనకేతనుడు, గరుడధ్వజుడు మున్నగునవి బహువ్రీహులు. బహువ్రీహి అన్యపదార్థప్రధానము, అనగా ఆ సమాసములలో ప్రధానము కపియు కాదు, ధ్వజమును కాదు, ఆ ధ్వజము గలవాడు. జాతీయపతాకమను సమాసమట్లు కాదు. జాతీయమైన పతాక మని విగ్రహము, అది కర్మధారయము. ఇందు పతాకమునకు వెలుపల నొక స్వామి లేడు. ప్రాచీనపతాకము ఏలినవానిని చూపెను. జాతీయపతాకము తనక్రింద నిలిచిన వారినందరిని సమానముగా చూపుచున్నది.

వ్యవహారములో ఈ సంస్కృతపదములకన్న ఎక్కువ వ్యాప్తి పొందినది హిందుస్థానీనుండి వచ్చిన జెండా. హిందీలో ఝండా, మరాఠీలో ఝెండా, వంగభాషలో పతాకా, తమిళమున కొడి, ఉర్దూలో పరచమ్ అని ఆయా భాషలవారు వ్యవహరింతురు. తెలుగు పల్లెలలో ఆగస్టు 15వ తేదీకి జెండాపండుగ యని పేరు. ఆనాడు జరుగు కార్యమునకు జెండావందనమని పేరు. వందనము శరణాగతి కాదు. పెద్దలకును, అతిథులకును, సమానులకును గూడ ఇష్టపూర్వకముగా చేయునది వందనము. అయితే అదే జెండాను పాతుట యను పలుకుబడి ఇతరులను గెలిచి ఆధిపత్యము స్థాపించుటను తెలుపుచున్నది. ఒకే వస్తువును గూర్చి ప్రజలభాషలో వందనమును, ఆధిపత్యమును రెండును నిలిచియున్నవి. దేశభక్తిని గూర్చి నేడు జరుగు వివాదములలో నెక్కువభాగము ఈ రెండు భావముల మధ్య ఘర్షణయే.

భారతజాతీయపతాకము పుట్టిన తీరు ఇచట స్మరణీయము. అది ఏ ప్రభువు ఆజ్ఞవలనను పుట్టలేదు. కృష్ణాజిల్లా భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్య 1916లో భారతదేశమునకు జాతీయపతాకము కావలెనని ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించెను. 1921లో బెజవాడయందు అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు ఆతడు సిద్ధపరచిన నమూనా గాంధి కందినది. చరఖాచిహ్నము జలంధరమునకు చెందిన లాలా హంసరాజు సూచన. ఇతర మతములవారికి కూడ చోటుండవలెనని తెలుపురంగును చేర్చుమన్నవాడు గాంధి. రంగులను మతములకు పంచిపెట్టుటతో ఆక్షేపణలు బయలుదేరెను. తమ రంగునకు స్థానము లేదని సిక్కులు అభ్యంతరము తెలిపిరి. 1931లో ఏడుగురు సభ్యుల సంఘ మేర్పడెను. పట్టాభి సీతారామయ్య దానికి సంచాలకుడు. చరఖా గల ఏకవర్ణమైన కేసరిపతాకమును ఆ సంఘము సూచింపగా, కాంగ్రెసు సంఘము దానిని త్రోసిపుచ్చి, కేసరి, తెలుపు, ఆకుపచ్చ రంగుల పతాకమును స్వీకరించి, ఆ రంగులకు మతార్థము లేదని స్పష్టముగా ప్రకటించెను. 1947 జులై 22న రాజ్యాంగసభ చరఖాకు బదులు సారనాథ స్తంభమందలి అశోకచక్రమును నిలిపి నేటి పతాకము నంగీకరించెను.

ఈ చరిత్రలో ప్రతిమెట్టునందును ప్రశ్న కలదు, ఆక్షేపణ కలదు, సవరణ కలదు. ఆక్షేపించినవారిని దండించి యుండినచో పతాకమునకు నేటి రూపమే కలిగెడిది కాదు. చరఖా లేని పతాకమునకు తాను వందనము చేయజాలనని 1947 ఆగస్టులో గాంధియే బహిరంగముగా పలికెను. ఆ మాటలో దేశమునెడ ఉపేక్ష యున్నదని యెవ్వరును అనజాలరు. దేశమునకు ప్రతీకయైన వస్తువు దేశములోని కడపటి పేదవానిని మరువరాదన్న పట్టుదలయే అందున్నది. పతాకమును గూర్చి విమర్శించుట పతాకము నవమానించుట కాదనుటకు ఇంతకు మించిన నిదర్శనము వేరొకటి కావలెనా?

మరియొక విషయము. ఈ పతాకము ఆజ్ఞను ధిక్కరించి ఎత్తిన పతాకము. 1923లో నాగపురమున జరిగిన జెండా సత్యాగ్రహమునకు వివిధ ప్రాంతములనుండి స్వచ్ఛందసేవకులు తరలివచ్చి, నిషేధాజ్ఞను మీరి జెండా పట్టి నడచి, కారాగారమునకు పోయిరి. 1930లో మచిలీపట్నము కోనేరు సెంటరులో జెండా నెగురవేయ పూనుకొని తోట నరసయ్యనాయుడు లాఠీదెబ్బలకు స్పృహతప్పి పడిపోయెను. నాటి ప్రభుత్వము దృష్టిలో ఇవి రాజభక్తిలోపములు. రాజభక్తి యను పదము నాటి పత్రికలలోను, పాఠ్యగ్రంథములలోను విరివిగా కానవచ్చును. దేశభక్తి యను పదము దానికి ఎదురుగా నిలిచి బలపడినది. అట్టి పదమును తిరిగి రాజభక్తికి పర్యాయపదముగా దిగజార్చుట భాషకును, ఆ త్యాగములకును అపచారము.

శాసనము సైతము ఈ భేదమును పాటించుచున్నది. జాతీయగౌరవమునకు అవమానములు జరుగకుండ నిరోధించు చట్టము 1971లో వచ్చెను. బహిరంగముగా పతాకమును కాల్చుట, చింపుట, తొక్కుట మున్నగునవి దాని ప్రకారము మూడేండ్లవరకు కారాగారశిక్షకు అర్హములైన నేరములు. కాని పతాకమునందుగాని రాజ్యాంగమునందుగాని న్యాయమార్గమున మార్పు కోరుచు చేయు విమర్శ అవమానము కాదని ఆ చట్టమే వివరణమున చెప్పుచున్నది. 1976లో 42వ సవరణచేత రాజ్యాంగమున చేరిన ప్రాథమికవిధులలో పతాకమును, జాతీయగీతమును గౌరవించుట మొదటిది. అవమానమును నిషేధించుట చట్టముచేత కాగలపని. గౌరవమును బోధించుట రాజ్యాంగముచేత కాగలపని. భక్తిని పుట్టించుట ఈ రెంటిచేతను కాదు. అవమానము, గౌరవము, భక్తి యను మూడు పదములను ఒకదాని స్థానమున వేరొకదానిని వాడుటచేతనే పెక్కు అనర్థములు కలుగుచున్నవి.

కేరళలో 1985లో జరిగినది దీని కుదాహరణము. యెహోవాసాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు పాఠశాలలో జాతీయగీతము పాడువేళ మర్యాదగా లేచి నిలిచిరి. తమ మతవిశ్వాసమును బట్టి గొంతు కలుపలేదు. అందుకై వారిని పాఠశాలనుండి తొలగించిరి. 1986లో సుప్రీముకోర్టు వారిని తిరిగి చేర్చుకొనవలెనని తీర్పు చెప్పెను. ఆ తీర్పు వ్రాసినవాడు పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా నుండిన ఓ. చిన్నపరెడ్డి. నిలిచి యుండుటయే గౌరవము. పాడకుండుట అవమానము కాదు. సహనము భారతీయసంప్రదాయము, రాజ్యాంగము బోధించు ధర్మము అని దాని సారాంశము. అమెరికా సుప్రీముకోర్టు 1943లో, రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండగనే, పాఠశాలలలో పతాకవందనమును బలవంతపెట్టరాదని తీర్పు చెప్పినది. యుద్ధకాలమున సైతము ఒక దేశము భరింపగలిగిన భేదమును శాంతికాలమున మరియొక దేశము భరింపలేకపోవుట బలమునకు చిహ్నము కాదు.

సినిమాహాళ్ల విషయమున జరిగినదియు ఇట్టిదే. 2016 నవంబరు 30న సుప్రీముకోర్టు ప్రతి ప్రదర్శనకు ముందు జాతీయగీతమును వినిపింపవలెనని ఆదేశించెను. 2018 జనవరి 9న అది తప్పనిసరి కాదని తానే సవరించెను. ఆ నడిమికాలమున లేవనివారిపై తోటి ప్రేక్షకులే చేయిచేసికొనిన సంఘటనలు కొన్ని జరిగెను.  ప్రక్కవాని భక్తిని కొలుచు అధికారము తనకున్నదని ప్రతివాడును భావించినచో పతాకము పౌరులను కలుపుటకు మారుగా వేరుచేయును.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. ఇన్ని భాషలు, ఇన్ని మతములు గల దేశమున ఉమ్మడి చిహ్నమునెడ కట్టుబాటు లేనిచో ఐక్యము నిలువదనియు, ఆ పతాకము కొరకు ప్రాణములిచ్చిన సైనికులకు అది ద్రోహమనియు కొందరందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. మృతవీరుని శవపేటికపై కప్పిన పతాకమును చూచి చలింపని హృదయము అరుదు. కాని ఆ పతాకమున కంతటి మహిమ యెట్లు కలిగినది? సైనికుడు తానై పూని ఆ సేవకు వచ్చుటవలననే కలిగినది. భారతసైన్యమున నిర్బంధప్రవేశము లేదు. తానై ఇచ్చిన ప్రాణమునకు గుర్తుగా నిలిచిన వస్త్రమును బలవంతపు వందనములకు సాధనముగా చేయుట ఆ త్యాగమును చిన్నపరచుటయే యగును.

పతాకమును నిర్లక్ష్యముగా చూచువారి మాటయు ఇట్లే విచారింపదగినది. ఒకప్పుడు సామాన్యపౌరుడు కొన్ని దినములలో తప్ప తన యింటిపై జాతీయపతాకము నెగురవేయుటకు వీలులేకుండెను. 2002లో వచ్చిన పతాకస్మృతి ఆ నిర్బంధమును తొలగించెను. మర్యాదతో పతాకము నెగురవేయుట పౌరుని ప్రాథమికహక్కని 2004 జనవరిలో సుప్రీముకోర్టు నిర్ణయించెను. 2021 డిసెంబరు సవరణతో యంత్రములపై నేసినవియు, పాలియెస్టరువియు అంగీకృతములైనవి. 2022లో ఇండ్లపై రాత్రియు పగలును ఎగురవేయుటకు అనుమతి లభించినది. పతాకము ప్రజలకు చేరువగుట సంతోషకరమే. అయితే చేనేతకును ఖాదీకిని పతాకముతో గల నంటు సడలుచున్నది. ఆగస్టు 16వ తేదీ ఉదయమున వీథులలో, మురుగుకాలువల ప్రక్కన పడియుండు కాగితపు జెండాలను, ప్లాస్టికు జెండాలను చూచినచో హక్కు పెరిగినంతగా శ్రద్ధ పెరుగలేదని తెలియును. వానిని నేలపై పారవేయరాదనియు, ఏకాంతమున మర్యాదగా తీసివేయవలెననియు స్మృతి చెప్పుచునే యున్నది. పాడనివానిని నిలదీయుటకు ముందుకువచ్చువారు నేలపై పడిన జెండాను వంగి తీయుటకును ముందుకురావలెను. శబ్దములేని ఆ పనియే నిజమైన వందనము.

పాఠశాలలలో బాలురు చేయు ప్రతిజ్ఞ ఈ సందర్భమున గమనింపదగిన రచన. దానిని 1962లో తొలుత తెలుగున వ్రాసినవాడు నల్లగొండజిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకటసుబ్బారావు. నాడాతడు విశాఖపట్టణమున ట్రెజరీ అధికారి. తరువాత అది భారతీయభాషలన్నింటిలోనికి అనువదింపబడి 1965నుండి దేశమంతట వ్యాపించినది. కర్త పేరు మాత్రము చాలకాలము మరుగుననే యుండెను. ఆ రచనలో ఉత్తమపురుషైకవచనము ప్రధానము. ప్రతి బాలుడును తన మాటగా, తన ప్రేమగా దానిని పలుకును. ఇతరుల నాజ్ఞాపించు మధ్యమపురుష అందు లేదు. దేశముతోపాటు ప్రజలకును సేవచేయుదునని చెప్పుట అందలి మరియొక విశేషము. దేశభక్తికి తగిన వ్యాకరణ మిదియే. తన్ను గూర్చి తాను పలుకునప్పుడు అది ప్రతిజ్ఞ. ఎదుటివానిపై విధించినప్పుడు అది శాసనము.

భారతీయభాషలను పరిశోధించువారికి ఇందు చేయదగిన పని కలదు. పతాకము, గౌరవము, భక్తి, ద్రోహము అను పదముల అర్థపరిణామమును ఆయా భాషలలో తులనాత్మకముగా పరిశీలింపవలెను. ఇండియా శిక్షాస్మృతిలో 1870లో చేరిన 124-ఎ సెక్షనుకు రాజద్రోహమను పేరు తెలుగున రూఢమైనది. రాజు పోయిన పిమ్మటను ఆ పేరు దశాబ్దములు నిలిచినది. పదము నిలిచినచోట దానితోపాటు పాతభావమును నిలుచును. నిఘంటుకారులు, పాఠ్యగ్రంథకర్తలు, అనువాదకులు పదముల నేరుకొనుటలో జాగరూకులైనచో ప్రజల ఆలోచనయు తేటపడును.

తిక్కన వర్ణించిన ఆరు పతాకములకు ఆరుగురు స్వాములు కలరు. ఆ స్వాములలో పెక్కురతో అవియు నేలగూలినవి. స్వామిలేని పతాకము నిలుచుట కాధారము దానిని తమదిగా భావించు జనుల ఇష్టమే. ఆ యిష్టమును కాపాడుట పతాకము నెత్తుగా నెగురవేయుటకన్న కష్టతరమైన కార్యము. అయినను ముందుగా చేయవలసిన కార్యము.