పసికందు దేహానికి గౌరవం, తల్లి ప్రశ్నకు జవాబు

నెలలు నిండిన బిడ్డ కడుపులోనే కన్నుమూస్తే మన ఇళ్లలో ఆ దుఃఖం ఒక్క పూటలో మట్టిలో కలిసిపోతుంది. ఆసుపత్రి నుంచి తెల్లగుడ్డలో చుట్టి తెచ్చిన దేహాన్ని ఖబ్రస్తాన్‌లో దఫన్ చేసి వస్తాం. గోదావరిఖనిలో అలాంటి తండ్రుల వెంట మేమూ ఎన్నోసార్లు నడిచాం. ఇంటికి రాగానే తల్లి అడిగేది ఒక్కటే: "నా బిడ్డ ఎందుకు పోయింది?"

కారణం తెలియాలంటే శవపరీక్ష చేయాలంటారు. కోత అనగానే కుటుంబం వెనుకాడుతుంది. దానిని మూఢత్వమని కొట్టివేయడం అన్యాయం. మయ్యిత్‌ను బతికున్న మనిషిలాగే గౌరవించాలని, దఫన్ ఆలస్యం చేయరాదని మన ధర్మం నేర్పింది. అయితే కారణం తెలియకపోతే తర్వాతి కాన్పూ చీకట్లోనే. తల్లికి రక్తపోటా, మధుమేహమా, మాయలో లోపమా, దగ్గరి సంబంధాల పెళ్లిళ్లతో వచ్చిన జన్యులోపమా? ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త ఉంది.

ఈ రెంటి మధ్య దారి లేకపోలేదు. లండన్‌లో 400 మంది గర్భస్థ శిశువులు, పసికందులు, పిల్లల దేహాలను మొదట ఎమ్మారైతో, రక్తం వంటి పరీక్షలతో చూసి, తర్వాత మామూలు శవపరీక్షతో పోల్చారు. 2013లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఆ అధ్యయనంలో 357 కేసుల్లో రెండు ఫలితాలూ సరిపోయాయి. కడుపులో చనిపోయిన బిడ్డ మెదడు త్వరగా మెత్తబడుతుంది. కపాలం తెరిస్తే రూపు నిలవదు. ఎమ్మారై తెరవకుండానే దానిని చూపగలదు. ఎముకల లోపాలకు ఎక్స్‌రే, సీటీ ఉపకరిస్తాయి.

పరిమితులూ చెప్పుకోవాలి. ఇన్‌ఫెక్షన్‌ను స్కాన్ అన్నివేళలా పట్టలేదు. మరీ చిన్న పిండాల్లో స్పష్టత తగ్గుతుంది. కొన్నిసార్లు సూదితో కణజాలం తీయక తప్పదు. పోలీసు కేసైతే చట్టం దారి వేరు. కానీ ఆసుపత్రి కారణం తెలుసుకోవడానికి చేసే శవపరీక్షకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. ఆ సమ్మతి అడిగేటప్పుడు కోత లేని మార్గాన్నీ వివరించాలన్నదే మన కోరిక.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021 మార్చిలోనే సీటీతో చేసే వర్చువల్ శవపరీక్ష కేంద్రం మొదలైంది. మన రామగుండంలో 2022 నుంచి వైద్య కళాశాల నడుస్తోంది. గనిలో ప్రమాదం జరిగితే కారణంపై విచారణ జరగడం ఈ ఊరికి తెలిసిన పద్ధతి. ప్రసూతి వార్డులో పోయిన ప్రాణానికి ఆ మాత్రం విచారణ ఉండకూడదా? ఎమ్మారై కుదరని చోట కూడా బిడ్డ దేహాన్ని తాకకుండా చేయగల పనులున్నాయి: మాయను ప్రయోగశాలకు పంపడం, తల్లి రక్తపరీక్షలు, బిడ్డకు ఒక ఎక్స్‌రే. ఇవి ప్రతి మృతశిశు జననంలో జరగాలి. నివేదిక తెలుగులో, ఉర్దూలో వివరించాలి. దఫన్‌కు ఆలస్యం కాకుండా దేహాన్ని అప్పగించాలి.

మన బాధ్యతా ఉంది. ఉలమా, వైద్యులు ఒకచోట కూర్చుని ఈ విషయం కుటుంబాలకు చెప్పాలి. మృతశిశు జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. సర్కారు కొలువులో రిజిస్టర్లు రాసిన అనుభవంతో చెబుతున్నాం: రిజిస్టరుకెక్కని బిడ్డ లెక్కలోకి రాదు, లెక్కలోకి రాని దుఃఖానికి నిధులు రావు.

మట్టి ఇచ్చి రావడంతో మన పని అయిపోదు. ఆ తల్లి ప్రశ్నకు జవాబు తేవడమూ మన పనే.