నొప్పి తెలియని పాదం, నొప్పి తెలియని మనస్సాక్షి



షుగరు వ్యాధి ఉన్నవారికి మా ఆసుపత్రిలో ఒక చిన్న పరీక్ష చేస్తాం. రోగిని కళ్ళు మూసుకోమని చెప్పి, అరికాలిలో అక్కడక్కడ సన్నని నైలాను దారాన్ని ఆనిస్తాం. పది గ్రాముల ఒత్తిడి పడగానే ఆ దారం వంగుతుంది. "తగిలినప్పుడల్లా చెప్పండి" అంటుంది సిస్టరమ్మ. కొందరు వెంటనే చెబుతారు. కొందరు మాత్రం కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంటారు. కాసేపయ్యాక "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడుగుతారు. అప్పటికి పరీక్ష అయిపోయి ఉంటుంది.

అలాంటి ఒక పెద్దాయన దగ్గు కోసం మా దగ్గరకు వచ్చారు. సిస్టరమ్మ చెప్పు విప్పించి చూస్తే, చెప్పులోంచి పొడుచుకొచ్చిన మేకు అరికాలిలో గుంట చేసి ఉంది. చుట్టూ చీము పట్టింది. ఆ కాలితోనే ఆయన రోజూ పొలానికి వెళ్ళి వస్తున్నారు. పుండు సంగతి చెబితే ఆయన నమ్మలేదు. "నొప్పే లేదు కదమ్మా, ఇక పుండేమిటి?" అన్నారు.

ఈ నెల మేము రాయదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నొప్పి లేకపోతే పుండు లేనట్టే అనుకోవడం శరీరం విషయంలో ఎంత ప్రమాదమో వైద్యులుగా మాకు తెలుసు. ఆత్మ విషయంలో అది ఇంకా పెద్ద ప్రమాదమని, విశ్వాసులుగా మనం మరచిపోతున్నామని మా అభిప్రాయం.

మొద్దుబారడం ఎలా మొదలవుతుంది?

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలు కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవే కాబట్టి స్పర్శ ముందు అక్కడే తగ్గుతుంది. ఫలానా రోజున పోయిందని ఎవరూ చెప్పలేరు.

మనస్సాక్షి కూడా ఒక్కరోజులో చచ్చిపోదు. చిన్న చిన్న అబద్ధాలతో మొదలవుతుంది. బస్సులో టికెట్టు తప్పించుకోవడానికి పిల్లవాడి వయసు తగ్గించి చెబుతాం. అప్పులవాడు వస్తే "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అని ఆ పిల్లవాడి చేతనే చెప్పిస్తాం. ఆఫీసుకు ఎగనామం పెట్టి, జ్వరం వచ్చినట్టు సర్టిఫికెట్టు ఇమ్మని డాక్టరును అడుగుతాం. సంఘపు పని మీద ఊరెళ్ళి ఆటోకు యాభై ఇచ్చి, లెక్కలో ఎనభై రాస్తాం. దుకాణదారుడు చిల్లర ఎక్కువ ఇస్తే, ప్రభువే ఇచ్చాడని జేబులో వేసుకుంటాం!

మా దగ్గరకు వచ్చే రోగులు కూడా మాతో చిన్న అబద్ధాలు ఆడుతుంటారు. షుగరు పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి అన్నం తగ్గించి, రక్తం ఇచ్చి, లెక్క బాగుందని సంతోషంగా ఇంటికి వెళతారు. కానీ హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష దగ్గర ఆ తెలివి పనిచేయదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజులన్నిటిలో తగిలిన చక్కెర దానికి అంటుకుని ఉంటుంది. అందుకే రెండు మూడు నెలలుగా మనం ఎలా తిన్నామో ఆ పరీక్ష బయటపెడుతుంది. డాక్టరు ముందు రెండు రోజులు నటించవచ్చు. రక్తం మాత్రం తన లెక్క తాను రాసుకుంటూనే ఉంటుంది.

దావీదుకు ఏమైంది?

లేఖనాల్లో ఈ విషయాన్ని దావీదు జీవితంలో స్పష్టంగా చూస్తాం. 1 సమూయేలు 24వ అధ్యాయంలో, తన ప్రాణం తీయడానికి వెంటాడుతున్న సౌలు గుహలోకి వచ్చినప్పుడు, దావీదు అతణ్ణి చంపలేదు. అతని వస్త్రపు చెంగు మాత్రం కోశాడు. అంతమాత్రానికే అతని మనస్సు అతణ్ణి నొప్పించింది. గుడ్డముక్క కోసినందుకే బాధపడిన మనస్సాక్షి అది.

2 సమూయేలు 11వ అధ్యాయానికి వచ్చేసరికి అదే దావీదు పరాయివాని భార్యను తీసుకున్నాడు. దాన్ని కప్పిపుచ్చడానికి ఊరియాను ఇంటికి పిలిపించి, తాగించి, చివరికి యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టించి చంపించాడు. బిడ్డ పుట్టేంత కాలం గడిచిపోయింది. నాతాను ప్రవక్త వచ్చేదాకా దావీదు పశ్చాత్తాపపడిన గుర్తు ఆ కథలో కనబడదు.

ఇందులో మరో సంగతి ఉంది. ధనవంతుడొకడు బీదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాక్కున్నాడని నాతాను చెప్పగానే దావీదుకు పట్టరాని కోపం వచ్చింది. అంటే మనస్సాక్షి పూర్తిగా చావలేదు. ఎదుటివాడి తప్పు దగ్గర చురుగ్గానే ఉంది, తన తప్పు దగ్గరే మొద్దుబారింది. మన సంగతీ అంతే కదా! కౌన్సిలర్ల లంచాల గురించి, సంఘ పెద్దల లెక్కల గురించి ఎంత గట్టిగా మాట్లాడతామో! ఆ గట్టితనం చూసి మన మనస్సాక్షి ఆరోగ్యంగా ఉందనుకుంటాం. పరీక్షించవలసింది పక్కవాడి పాదాన్ని కాదు.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయంలో, అబద్ధికుల మనస్సాక్షిని కాల్చిన ఇనుముతో వాత పెట్టిన చోటుతో పోల్చాడు. ఈ పోలిక మన ఊళ్ళవారికి వివరించనక్కరలేదు. పచ్చకామెర్లకు వాతలు పెట్టించుకుని మా దగ్గరకు వచ్చినవారిని చూశాం. లోతుగా కాలిన చోట పుండు మానాక చర్మం గట్టిపడుతుంది, స్పర్శ తగ్గుతుంది. కాల్చిన రోజు మంట భరించలేనిది. తరువాత అక్కడ గిల్లినా తెలియదు.

శాస్త్రవేత్తలు కూడా ఇలాంటి సంగతినే పరీక్షించి చూశారు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన పరిశోధకుల బృందం 2016లో నేచర్ న్యూరోసైన్స్ అనే పత్రికలో ఒక ప్రయోగం గురించి రాసింది. గాజు సీసాలో ఎన్ని నాణేలున్నాయో తోటివాడికి అంచనా చెప్పాలి. అబద్ధం చెబితే తనకు లాభం వచ్చే సందర్భాల్లో అబద్ధాలు రానురాను పెద్దవయ్యాయి. అదే సమయంలో, భయం వంటి ఉద్వేగాలకు స్పందించే అమిగ్డాలా అనే మెదడు భాగంలో స్పందన రానురాను తగ్గింది. నాణేల ఆటతో మనిషి ఆత్మ సంగతంతా తేలిపోదు, నిజమే. అయినా అలవాటైన అబద్ధం మునుపటిలా గుచ్చుకోదని మన పెద్దలు అనుభవంతో చెప్పిన మాట అక్కడ కూడా కనబడింది.

మా ఇంటి సంగతి

ఇంతసేపూ ఇతరుల గురించి రాసి మా గురించి రాయకపోతే అది కూడా మోసమే.

కొన్నేళ్ళ క్రితం మా వార్డులో రాత్రి డ్యూటీ చేసే ఒక యువ నర్సు, ఒకరోజు పని ఎక్కువై, థర్మామీటరు పెట్టకుండానే రోగులందరి చార్టుల్లో జ్వరం లేదని రాసింది. ఎవరికీ ఏమీ కాలేదు. మరికొన్నాళ్ళకు మళ్ళీ రాసింది. తరువాత అదే పద్ధతి అయిపోయింది. ఒక ఉదయం, ఆపరేషను అయిన ఒక రోగి వణికిపోతుంటే డాక్టరుగారు ఒంటి మీద చెయ్యి వేసి చూశారు. జ్వరం 103 డిగ్రీలు ఉంది. చార్టులో మాత్రం రాత్రంతా 98.4 అని ఉంది. దేవుని కృపవలన ఆ రోగి బతికాడు. కానీ ఇంటికి వెళ్ళవలసినవాడు మరో మూడు వారాలు మంచం మీదే ఉండిపోయాడు. అతని కూలి డబ్బులు పోయాయి, ఇంట్లో అప్పు పెరిగింది.

ఆ అమ్మాయిని పిలిచి అడిగితే ఏడుస్తూ ఇలా అంది: "మొదటి రోజు రాసేటప్పుడు చెయ్యి వణికింది సార్. తరువాత వణకలేదు. ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు."

ఆ అమ్మాయిని మందలించడం మాకు సులభమే. కానీ ఆ చార్టులన్నిటి మీద ప్రతి ఉదయం సంతకం పెట్టింది మేమే. వార్డంతటికీ రోజూ ఒకే అంకె ఎలా వస్తుందని ఒక్కసారీ అడగలేదు. చూడకుండా సంతకం పెట్టడం మాకు ఎప్పటినుంచో అలవాటు. మా చెయ్యి కూడా ఎప్పుడో వణకడం మానేసింది. ఆ రోగి దగ్గరకు, అతని భార్య దగ్గరకు వెళ్ళి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాం. అదనంగా ఉన్న మూడు వారాల బిల్లు తీసుకోలేదు. పోయిన కూలి డబ్బులు లెక్కగట్టి ఇచ్చాం. అది ఉపకారం కాదు, మేము తీర్చవలసిన బాకీ.

అందుకే "చిన్న అబద్ధమే కదా, ఎవరికి నష్టం?" అనే మాటను మేము ఒప్పుకోలేకపోతున్నాం. ఏది చిన్నదో ముందుగా తెలుసుకోవడం మన చేతిలో లేదు. పైగా నష్టపోయేది అవతలివాడు ఒక్కడే కాదు, అబద్ధాన్ని పసిగట్టే మన శక్తి కూడా పోతుంది. నొప్పి తెలియనివాడు రేపు నిప్పు మీద కాలు పెట్టినా తీయడు.

ఒక జాగ్రత్త

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కొందరికి కీడు చేసినవారమవుతాం. షుగరు ఉన్నవారిలో కొందరికి స్పర్శ పోతే, మరికొందరికి ఏ పుండూ లేకుండానే పాదాలు మండుతుంటాయి. అదీ నరాల జబ్బే. అలాగే కొందరు విశ్వాసులు చేయని తప్పుకు కుమిలిపోతుంటారు. ఒప్పుకుని విడిచిపెట్టిన పాపాన్నే వందసార్లు తలచుకుంటారు. నిద్ర ఉండదు, అన్నం సహించదు. అది మెత్తని మనస్సాక్షి కాదు, మనోవ్యాధి కావచ్చు. అలాంటివారు అయ్యగారితో ప్రార్థన చేయించుకోండి, డాక్టరుకు కూడా చూపించుకోండి. ఈ వ్యాసం మీ గాయాన్ని రేపడానికి రాసింది కాదు.

ఏం చేయాలి?

స్పర్శ తగ్గిన రోగికి మేము చెప్పే సలహా ఒకటే. నొప్పి మీద ఆధారపడవద్దు, రోజూ కళ్ళతో చూసుకోండి. పడుకునే ముందు దీపం వెలుగులో పాదం చూసుకోవాలి. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకోవాలి, కళ్ళు సరిగా కనబడనివారు ఇంట్లోవారి చేత చూపించుకోవాలి.

మనస్సాక్షికీ ఇదే పద్ధతి. "నాకేమీ తప్పనిపించడం లేదు" అన్న మాట మీద ఆధారపడవద్దు. రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఆ రోజు మనం చెప్పిన మాటలను, పెట్టిన సంతకాలను, చేతికి వచ్చిన డబ్బును ఒక్కసారి వాక్యపు అద్దంలో చూసుకుందాం. మనకు కనబడనిది భార్యకో భర్తకో కనబడుతుంది. వారు చెప్పినప్పుడు కోప్పడకుండా విందాం. దావీదుకు కూడా నాతాను కావలసివచ్చాడు కదా.

తప్పు కనబడితే ప్రార్థనతో సరిపెట్టవద్దు. జక్కయ్య ఏడ్చి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మనం ఆటో లెక్కలోని ముప్పై రూపాయలతో మొదలుపెట్టవచ్చు. సంఘ కోశాధికారి దగ్గరకు వెళ్ళి ఆ ముప్పై ఇవ్వడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి. ఆ కష్టమే స్పర్శ తిరిగి వస్తున్నదనడానికి గుర్తు. మఠం వేసుకుని కూర్చుంటే తిమ్మిరెక్కిన కాలు మామూలయ్యేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఉండదా?

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారి పేరు మీలో కొందరు విని ఉంటారు. కుష్ఠు రోగుల వేళ్ళు ఆ జబ్బు వల్ల కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అనుకునేవారు. నొప్పి తెలియక రోజూ తగిలే దెబ్బల వల్లనే వేళ్ళు పోతున్నాయని ఆయన చూపించారు. ఆయనే ఒకసారి సుదీర్ఘ ప్రయాణం చేసి లండన్ చేరిన రాత్రి, మేజోడు విప్పుతూ మడమలో స్పర్శ లేదని గమనించారు. సూదితో గుచ్చుకున్నా తెలియలేదు. తనకూ కుష్ఠు సోకిందనుకుని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి మళ్ళీ గుచ్చుకుంటే నొప్పితో కేక వేశారు. రైలులో కదలకుండా కూర్చోవడం వల్ల నరం తిమ్మిరెక్కిందంతే! ఆ నొప్పి తగిలినందుకు ఆయన పొందిన సంతోషం అంతా ఇంతా కాదు.

షుగరు వల్ల పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమని మా రోగులకు విచారంతో చెబుతుంటాం. మనస్సాక్షి విషయంలో మాత్రం అలా చెప్పవలసిన పని లేదు. క్రీస్తు రక్తము మనస్సాక్షిని శుద్ధిచేస్తుందని హెబ్రీయులకు రాసిన పత్రిక తొమ్మిదవ అధ్యాయం మనకు నిరీక్షణ ఇస్తున్నది. కాబట్టి ఈ వ్యాసం చదువుతున్నప్పుడు ఎక్కడైనా చురుక్కుమంటే, పేజీ తిప్పేయకండి. నొప్పి తెలిసినందుకు దేవునికి స్తోత్రం చెప్పి, ఆ పుండుకు ఈ రోజే కట్టు కట్టించుకోండి.

ప్రభువు మీకును మీ కుటుంబములకును మెత్తని మనస్సును, ఆరోగ్యమును అనుగ్రహించును గాక. ఆమేన్.