సొరంగమునకు చిల్లు

కోవిల్పట్టి అగ్గిపెట్టెల వర్తకులలోను, విరుదునగరపు మిరపకాయల వర్తకులలోను కొందరు వి.పి.యన్. పెట్టుకొని నిశ్చింతగా నున్నారు. మాకా నిశ్చింత లేదు.

వెబ్‌సైటు పేరునకు అంకెల చిరునామా చెప్పునది డి.యన్.యస్. ఆ ప్రశ్న సొరంగము తప్పి ఇంటర్నెట్టు కంపెనీ సర్వరునకు పోయినచో, ఉత్తరమునకు లక్కముద్ర వేసి, ఎవరికి వ్రాసితిమో వీధిలో చాటినట్లే. లోని సంగతి తెలియకున్నను, ఏ బ్యాంకునకు, ఏ బేరగానికి ఎప్పుడు పోయితిమో తెలియును.

వి.పి.యన్. నడచుచుండగా డి.యన్.యస్. లీక్ టెస్టు పేజీ తెరచి చూడవలెను. మా కొట్టులో చూడగా ఇంటర్నెట్టు కంపెనీ పేరే కనబడినది! ఐ.పి.వి.6 దారి సొరంగమునకు వెలుపల నుండుటయే కారణము. దానిని ఆపి మరల చూడగా ఆ పేరు లేదు.

దొంగలెక్కలకు మాత్రము ఇది మరుగు కాదు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆజ్ఞ ప్రకారము వి.పి.యన్. అమ్మువారు ఖాతాదారుల వివరములను అయిదేండ్లు భద్రపరుపవలెను.

ఈ పరీక్షను గుమాస్తాలకు నేర్పుటకు మన సంఘము ఒక ఆదివారము కేటాయింపవలెను.