పురుగుకి అప్‌డేట్ ఉంది, విత్తనానికి లేదు

పోయిన జుమా నమాజ్ అయ్యాక మాదాపూర్‌లో ఆఫీసు మెట్లెక్కుతుంటే ఊరి నుంచి చాచా ఫోన్. "బేటా, ఇక్కడ ఒకాయన బీజీ-3 విత్తనాలున్నాయంటున్నాడు. గులాబీ పురుగు దగ్గరికి కూడా రాదంట. మామూలు ప్యాకెట్ కన్నా రేటు జాస్తి. రోహిణి పోకముందే కొనాలె, పైసలు పంపుతావా?"

పైసలు పంపడం ముష్కిల్ కాదు. కానీ చాచా కొనబోయేది పురుగుకి జవాబు కాదు. మన బజారులో బీజీ-3 పేరుతో దొంగచాటుగా అమ్మేది గ్లైఫోసేట్ గడ్డిమందుని తట్టుకునే పత్తి. దానికి సర్కార్ ఇజాజత్ లేదు. మందు కొడితే గడ్డి చస్తుంది, పత్తి బతుకుతుంది, అంతే. గులాబీ పురుగు కోసం కొత్తగా అందులో పెట్టిందేమీ లేదు. (ఆస్ట్రేలియాలో వేసే అసలు బోల్‌గార్డ్-3 వేరే సంగతి.)

ఇది చెప్తే చాచా ఒకటే సవాల్ వేశాడు. "మరి మొదట్లో పురుగు చచ్చేది కదా, ఇప్పుడెందుకు చావట్లేదు?"

ఈ సవాల్‌కి మా హైటెక్ సిటీలో రెడీమేడ్ జవాబు దొరుకుతుంది. లంచ్ టేబుల్ దగ్గర మా టీమ్ సాహెబ్ ఒకాయన తేల్చేశాడు: రైతులు రెఫ్యూజ్ పంట వెయ్యలేదు, గల్తీ వాళ్లదే. ఈ ఇల్జామ్ నాకు హజం కాలేదు.

ముందు రెఫ్యూజ్ అంటే ఏంటో చూద్దాం. 2002 మార్చిలో మన దేశంలో బీటీ పత్తికి మంజూరీ ఇచ్చినప్పుడే ఒక షరతు పెట్టారు. చేను చుట్టూ ఐదు వరసలు గానీ, ఐదో వంతు నేల గానీ మామూలు పత్తి వెయ్యాలి. బీటీ జహర్‌ని తట్టుకునే పురుగులు మొదట్లో కొన్నే ఉంటాయి. అవి మామూలు పత్తి మీద పెరిగిన పురుగులతో జత కడితే వాటి ఔలాద్ మళ్లీ ఆ జహర్‌కి చస్తుందని హిసాబ్. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల మామూలు గింజల పొట్లం అందుకే ఇచ్చేవాళ్లు. మా అబ్బా దాన్ని గోడ గూట్లో పడేసేవాడు. రెండెకరాల కౌలు రైతుని ఐదో వంతు నేలలో పురుగుకి దావత్ ఇవ్వమంటే ఇస్తాడా? కౌలు మాత్రం మొత్తం నేలకి కట్టాలి కదా! తర్వాత ఎప్పటికో అకల్ వచ్చి, ప్యాకెట్‌లోనే 5 నుంచి 10 శాతం మామూలు గింజలు కలపడం మొదలుపెట్టారు.

సరే, అబ్బా గల్తీ ఒకటి ఒప్పుకుంటా. మిగతా గల్తీలు ఎవరివి?

మనకి అమ్మిన బీటీ పత్తి దాదాపు అంతా హైబ్రిడ్. రైతు గింజ దాచుకోలేడు, ఏటా దుకాణానికి రావాల్సిందే. కంపెనీకి బర్కత్. కానీ హైబ్రిడ్ మొక్క కాయలో గింజలన్నీ ఒక్కలా ఉండవు. రెండు జన్యువుల బీజీ-2లో లెక్క ప్రకారం 16 గింజల్లో ఒకదానిలో ఏ జహరూ ఉండదు, ఆరింటిలో ఏదో ఒకటే ఉంటుంది. గులాబీ పురుగు కాయ లోపలే కూర్చుని గింజ తర్వాత గింజ తింటుంది. ఒకచోట కొంచెం జహర్, ఒకచోట సున్నా. చావకుండా తట్టుకోవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మదర్సా ఏముంటుంది?

పైగా జహర్ మొక్కంతా ఒకేలా ఉండదు. నాగ్‌పూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థలో డాక్టర్ క్రాంతి, ఆయన సాథీలు 2005లోనే అచ్చేశారు: ఆకుల్లో ఎక్కువ, పువ్వు అండాశయంలో, పచ్చి కాయ తొక్కలో తక్కువ. మొక్క వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ, 110 రోజుల తర్వాత పురుగుని చంపే మోతాదు కూడా మిగలదు. నీటి ఎద్దడి, నత్రజని కొరత, విపరీతమైన ఎండ ఉంటే ఇంకా పడిపోతుంది. మన చెల్కలేమో వాన మీదే బతుకుతాయి. గులాబీ పురుగు జోరుగా వచ్చేదేమో కాయలు నిండే అక్టోబర్, నవంబర్లలో.

పచ్చ పురుగుకి కంది, శనగ, టమాటా అన్నీ ఇష్టమే. అక్కడ బీటీ లేదు, కాబట్టి దానికి ఖుదాయే రెఫ్యూజ్ ఇచ్చాడు. గులాబీ పురుగుకి పత్తి తప్ప దాదాపు వేరే తిండి లేదు. అందుకే ముందు అది ముదిరింది. గుజరాత్‌లో మొదటి జన్యువుని తట్టుకుంటోందని 2010లో మోన్‌శాంటోనే ఒప్పుకుంది. 2006లో వచ్చిన బీజీ-2 కూడా పదేళ్లలోపే దాని ముందు ఓడింది. 2017లో మహారాష్ట్ర, తెలంగాణ చేలు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. బగ్ వస్తే 'యూజర్ గల్తీ' అని రాసి టికెట్ మూసేస్తే మా మేనేజర్ ఊరుకోడు. యూజర్ ఎలా వాడతాడో ముందే తెలుసుకోవడం తయారుచేసినవాడి జిమ్మేదారీ అంటాడు. విత్తనానికి ఈ ఉసూల్ ఎందుకు లేదు? 2006లో ఆంధ్రప్రదేశ్ సర్కార్ మోన్‌శాంటో రాయల్టీ మీద ఎంఆర్‌టీపీసీలో లడాయి చేసి, 1,600 దాటిన ప్యాకెట్‌ని 750 రూపాయలకి దించింది. షాబాష్. ఆ విత్తనం ఎన్నేళ్లు పనిచేస్తుందన్న దాని మీద అలాంటి లడాయి నేను చూడలేదు.

చాచాకి చెప్పాను: బిల్లు ఇచ్చే దుకాణంలో, తొందరగా కోతకొచ్చే రకం కొను. లింగాకర్షక బుట్టలు పెట్టు. బుట్టకి రోజుకి ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితేనే మందు కొట్టు. గుడ్డి పూలు ఏరి కాల్చెయ్. డిసెంబర్ కల్లా పంట ముగించి కట్టె పీకెయ్.

"ఆఖరి ఏరుడు పైసలతోనే కదా బేటా, మందుల దుకాణం ఉధార్ తీరేది?"

ఆ పైసలు నేను పంపుతానన్నా. చాచా కాసేపు ఖామోష్‌గా ఉన్నాడు.

"నేను పీకేస్తా. పక్క చేనువాళ్లకి ఎవరు పంపుతారు?"